ఆనంద పేపర్ చదివిన రోజు

ఫిబ్రవరి 5, బుధవారం. సాయంత్రం 6.40. నెల్లూరు.

రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో నాకు కూడా ఒక సంచి ఇచ్చారు. అందులో వాటర్ బాటిల్, పెన్ను, ఈ నోట్‌బుక్. అట్ట మీద నర్సింగ్ సదస్సు పేరు, మూడు రోజుల తేదీలు. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరుగా లాగ్‌షీట్ తప్ప ఇంకేమీ రాయలేదు. ఈ పేజీలు తెల్లగా, గీతలు లేకుండా ఉన్నాయి. రాయాలనిపించింది.

మెడలో బ్యాడ్జీ కూడా వేశారు. ఆనందది నీలం రంగు. డాక్టర్ ఆనందకుమారి, డెలిగేట్. నాది పసుపు. మాల్యాద్రి, అకంపెనీయింగ్ పర్సన్. కౌంటర్‌లో అమ్మాయి దానికి అర్థం చెప్పబోయింది. తెలుసమ్మా, వెంట వచ్చినవాణ్ణి అన్నాను. ఆనంద నవ్వింది.

ఆనంద ఒంగోలులో నర్సింగ్ కాలేజీ వైస్ ప్రిన్సిపాల్. యాభై నాలుగో ఏట పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఐసులో రొయ్యలు, చేపలు ఏరే ఆడవాళ్ల చేతులకు వచ్చే పుండ్ల గురించి. చీరాల వైపు ఒక షెడ్డులో పనిచేసే నలభై రెండు మందిని రెండేళ్లపాటు చూసింది. ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లేది. నేను ఒక్కసారి కూడా వెంట వెళ్లలేదు. ఆదివారం రద్దీ, సెలవు దొరకదు అనేవాణ్ణి. కొన్నిసార్లు దొరికేది.

పాప పుట్టిన రోజు నేను తిరుపతి రూట్‌లో ఉన్నాను. ఆనందకు పట్టా ఇచ్చిన రోజు హైదరాబాద్ సర్వీస్‌లో ఉన్నాను. రిటైరై ఎనిమిది నెలలైంది. ఇక చెప్పుకోడానికి డ్యూటీ లేదు. శనివారం 11.20కి ఆనంద తన పేపర్ చదువుతుంది. బయటివాళ్ల ముందు చదవడం ఇదే మొదటిసారి. ముందు వరసలో కూర్చుంటానని మాటిచ్చాను.

వెంట వచ్చినవాళ్లకు పొద్దు పోవడానికి రోజుకొక ట్రిప్ పెట్టారు. ఇష్టమున్నవాళ్లు ఫారంలో టిక్ పెట్టాలి. గురువారం మైపాడు బీచ్, చీరల షాపింగ్. శుక్రవారం నేలపట్టు, పులికాట్. శనివారం జువ్వలదిన్నె హార్బర్. మొదటి రెండిటికీ టిక్ పెట్టాను.


ఫిబ్రవరి 6, గురువారం. ఉదయం 8.50. బస్సులో.

ప్యాసింజర్ సీట్లో కూర్చోవడం ఇంకా చేత కావడం లేదు. డ్రైవర్ బ్రేక్ వేసినప్పుడల్లా నా కాలు కూడా నేలను తొక్కుతోంది.


అదే రోజు. సాయంత్రం 5.30.

ట్రిప్‌కి వచ్చినవాళ్లం పద్నాలుగు మందిమి. పన్నెండు మంది భర్తలు, ఇద్దరు అత్తగార్లు. నర్సుల సదస్సుకి వెంట వచ్చేది మగవాళ్లేనని ప్రోగ్రాం వేసినవాళ్లకు తట్టినట్టు లేదు. మమ్మల్ని చూసుకునే అమ్మాయి పేరు బిందు. నాయుడుపేట పిల్ల, ఇక్కడ కాలేజీలో ట్యూటర్. మమ్మల్ని చూసి చేతిలో కాగితం చూసుకుంది. మళ్లీ మమ్మల్ని చూసింది. ప్రోగ్రాం మార్చడానికి నాకు పవర్ లేదు అంకుల్, అని ముందే చెప్పేసింది.

మైపాడులో ప్యాంట్లు మడుచుకుని పన్నెండు మందిమి నీళ్ల అంచున వరసగా నిలబడ్డాం. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. ఒక అల వచ్చి తిమోతి గారి చెప్పు పట్టుకుపోయింది. ఆయన బాపట్లలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పోయిన చెప్పు ఎంత దూరంలో ఒడ్డుకు వస్తుందో ఆయన లెక్క కట్టి చెప్పారు. అందరం వెతికాం. ఆ లెక్క తప్పింది. ఇంకో వైపు దొరికింది. ఆ తర్వాత అందరం స్నేహితులమైపోయాం.

భోజనం బాగుంది. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేశారు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

తర్వాత చీరల దుకాణం. పన్నెండు మంది మగవాళ్లు వెంకటగిరి చీరల ముందు బుద్ధిగా కూర్చున్నాం. దాదాపు అందరూ ఫోన్లు తీసి భార్యలకు వీడియో కాల్ చేశారు. అక్కడ హాల్లో పెద్ద ప్రొఫెసర్ మాట్లాడుతుంటే వరసగా ఫోన్లు మోగాయట. నిర్వాహకులు బిందుకి ఫోన్ చేసి గట్టిగానే అడిగారట. తిమోతి గారు మాత్రం ఎవరికీ చేయకుండా రెండు నిమిషాల్లో రెండు చీరలు తీశారు. ఎలా తెలుసని అడిగాను. ఆమెకు ఆకుపచ్చ పడదు, ముదురు ఎరుపు ఇష్టం, అంతే కదా అన్నారు.

నేను ఖాళీ చేతులతో వచ్చాను. ఆనందకు ఏ రంగు ఇష్టమో నాకు తెలియదు. ఫోన్ చేసి అడగడానికి సిగ్గేసింది.


ఫిబ్రవరి 7, శుక్రవారం. ఉదయం 6.15.

ఆనంద అద్దం ముందు నిలబడి పేపర్ చదువుకుంటోంది. నేను నిద్రపోతున్నానని అనుకుంటోంది. చేతులు ఊపాలా వద్దా అని రెండు రకాలుగానూ చేసి చూసుకుంది. నువ్వు చదివేది రేపు కదా అనబోయి ఊరుకున్నాను. వినడం బాగుంది.


అదే రోజు. మధ్యాహ్నం 12.05. భీమునివారిపాలెం రేవు.

పేపర్ ఈ రోజుకే మార్చారట. 3.30. టైముంది.


అదే రోజు. సాయంత్రం 7 గంటలు.

ఆనంద కింద డిన్నర్‌కి వెళ్లింది. ఆకలి లేదన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ నోట్‌బుక్ ఎందుకు.

పొద్దున నేలపట్టు వెళ్లాం. చెట్ల నిండా గూడబాతులు. పిల్లలు తల్లుల గొంతుల్లోకి తలలు దూర్చి తింటున్నాయి. పక్షులు బెదరకుండా ఫోన్లు సైలెంట్‌లో పెట్టమన్నారు. అక్కణ్ణించి సూళ్లూరుపేట మీదుగా పులికాట్ ఒడ్డుకి వచ్చాం. అత్తగార్లలో ఒకామెకు కళ్లు తిరిగాయి. ఆమెను తీసుకెళ్లడానికి కారు పిలిపించారు. నెల్లూరు వెళ్లే కారు, ఇంకొకరికి సీటుంది, ఎవరైనా వెళ్తారా అని బిందు అందర్నీ అడిగింది.

అప్పటికే నేను ఆనంద మెసేజ్ చూశాను. పదకొండు యాభై మూడుకి. చైర్‌పర్సన్ శనివారం ఉండనన్నారట, అందుకని ఆనంద పేపర్ ఈ రోజు మూడున్నరకు, రెండో హాల్లో పెట్టారు. వస్తారా అని చివర్లో అడిగింది.

నేను చెయ్యెత్తలేదు. పడవ అక్కడే కట్టి ఉంది. దూరంగా నీళ్ల మీద తెల్లటి గీత. అవే ఫ్లెమింగోలు అన్నారు. ఎన్నిసార్లు ఆ హైవే మీద చెన్నై బస్సు తోలానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఎడమ చేతి వైపు ఆ కొద్ది కిలోమీటర్లు తిరగలేదు. పడవ గంట, రోడ్డు గంటా ముప్పావు. మూడింటికల్లా హాల్లో ఉంటాను. అది డ్రైవర్ లెక్క. ముప్పై ఏళ్లు ఆ లెక్కతోనే బతికాను. జవాబు పెట్టలేదు. హఠాత్తుగా వెళ్లి కూర్చుంటే సంతోషిస్తుందనుకున్నాను. అదొక్కటే కారణం కాదు. వస్తానని రాస్తే అప్పుడే బయలుదేరాలి.

పడవ తోసేది ముత్యాలయ్య. అరవై దాటినవాడు, నా ఈడే. గెడకర్రతో మెల్లగా తీసుకెళ్లాడు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ గీత విడిపోయి కాళ్లు, మెడలు కనిపించాయి. వేలల్లో ఉన్నాయి. తలలు తలకిందులుగా నీళ్లలో ముంచి తింటున్నాయి. ఎవరూ చెప్పకుండానే అన్నీ ఒకే వైపు నడుస్తున్నాయి. ముత్యాలయ్య అక్కడ ఆపాడు.

ఇంకొంచెం దగ్గరికి పోనీ అన్నాను. అన్నది నేనే.

"నీళ్లు తగ్గిపోయినాయి అన్నా. ఇంగ ముందుకు పోతే అడుగు తగల్తాది."

ఇంకో యాభై గజాలు అన్నాను. మిగతావాళ్లూ నాకు వంత పాడారు. ముత్యాలయ్య మా మొహాలు చూసి గెడ వేశాడు. పక్షులు ఒక్కసారి లేచాయి. రెక్కల కింద ఎరుపు. ఆకాశం సగం ఆ రంగైంది. అంత అందం నేను ఎప్పుడూ చూడలేదు. అది కూడా నిజమే, రాయాలి. అవి లేచిన క్షణంలోనే పడవ బురదలో కూరుకుంది.

ఒంటి గంటా ఐదు. మగవాళ్లమంతా దిగాం. తొడల దాకా బురద. తోస్తే పడవ కదలదు, మా కాళ్లు దిగిపోతాయి. నిన్న దొరికిన తిమోతి గారి చెప్పు ఈసారి బురదలో పోయింది. ముత్యాలయ్య తువ్వాలు ఊపి దూరంగా ఉన్న పడవల్ని పిలిచాడు. తిట్టినా బాగుండేది. ఇంకో రెండు పడవలు వచ్చి తాడు కట్టి లాగేసరికి రెండుంపావు. ఒడ్డుకు చేరి బస్సెక్కేసరికి పావు తక్కువ మూడు.

డ్రైవర్ శివశంకర్ పక్కన కూర్చుని కొంచెం తొక్కు తమ్ముడూ అన్నాను. ఎనభై దాటను సార్, వెనక మనుషులున్నారు అన్నాడు. నేను కూడా అదే అనేవాణ్ణి. నాయుడుపేట వచ్చేసరికి మూడుంపావు దాటింది. అక్కడ భోజనం ఏర్పాటు ఉంది. నా మొహం చూసి తిమోతి గారు వద్దు, నేరుగా పోదాం అన్నారు. ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. అందరూ ఆకలితోనే కూర్చున్నారు.

హాల్లోకి అడుగు పెట్టేసరికి నాలుగూ నలభై. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు.

ఆనంద వరండాలో ఒక్కతే నిలబడి టీ తాగుతోంది. నా కాళ్లకు ఎండిన బురద చూసింది. ముందు కడుక్కురండి, ఒరుసుకుపోతుంది అంది. సిగ్నల్ లేదు, ఇప్పుడే చూశాను అన్నాను. సరే అంది.

గదికి వచ్చాక ఎలా జరిగిందని అడిగాను. చెప్పింది. పదకొండు మంది వచ్చారట. పది నిమిషాలన్నది ఆరు చేశారట. ఒక కుర్ర ప్రొఫెసర్ లేచి, నలభై రెండు మందితో ఏం తేలుతుంది అని అడిగాడట. టైము లేదని చైర్‌పర్సన్ బెల్ కొట్టారట. చెప్తూనే చీర మడత పెట్టింది. గొంతు మామూలుగానే ఉంది. బాగా జరిగిందండీ, అయిపోయింది అంది.


ఫిబ్రవరి 8, శనివారం. ఉదయం 6.30.

చెప్పాలి. ఈ రోజు హార్బర్ ట్రిప్‌కి నేనూ పేరిచ్చాను, ఆ బస్సు ఎక్కేలోపు చెప్పాలి.


అదే రోజు. సాయంత్రం 6 గంటలు.

బస్సు ఎక్కేలోపు చెప్పలేదు. టిఫిన్ దగ్గర బిందు వచ్చి, పేపర్ అయిపోయింది కదా మేడమ్, మాతో రండి, సీట్లు ఖాళీగా ఉన్నాయి అంది. ఆనంద నా వైపు చూడకుండా వస్తానంది. బిందు పసుపు బ్యాడ్జీ ఒకటి తెచ్చి ఆమె మెడలో వేసింది. ఆనంద నీలం బ్యాడ్జీ తీసి సంచిలో పెట్టుకుంది.

కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. హైవే మీద ఉత్తరానికి గంట ప్రయాణం. చెప్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి అల్లూరు రోడ్డు అదేనా అన్నాను. ఇంకోసారి ఏసీ ఎక్కువైందా అన్నాను.

జువ్వలదిన్నె హార్బర్‌లో అప్పుడే బోట్లు వచ్చాయి. ఐసు పెట్టెలు, తడి నేల, పైన గద్దలు. మావాళ్లంతా బోట్ల ముందు నిలబడి ఫోటోలు దిగారు. నేను కూడా దిగాను. తిరిగి చూస్తే ఆనంద లేదు.

చేపల కుప్పల దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు జెల్లలు ఒక బుట్టలోకి, కానాగంతలు ఒక బుట్టలోకి ఏరుతున్నారు. ఆనంద చేపల్ని చూడటం లేదు. వాళ్ల చేతుల్నే చూస్తోంది. వాళ్లలో పెద్దామె, పేరు చెంచమ్మ, పని ఆపకుండానే అడిగింది.

"ఏందక్కా, చేతులు చూస్తా ఉండావు. జోస్యం చెప్తావా ఏంది?"

"జోస్యం కాదమ్మా, నర్సుని. మీరు చేసే పని చేసేవాళ్ల చేతుల మీదే రెండేళ్లు చదువుకున్నాను."

"మా చేతుల మీద చదువు కూడా ఉండాదా?" అందరూ నవ్వారు. "సరే చెప్పు, ఏం చదివినావో."

ఆనంద చెప్పింది. నిన్న హాల్లో ఆరు నిమిషాల్లో చెప్పిందే ఇక్కడ కాగితం లేకుండా, తడి నేల మీద కూర్చుని చెప్పింది. ఐసునీళ్లలో నానిన చర్మం ఎందుకు చీలుతుంది, గోరు చుట్టూ ఎందుకు వాస్తుంది, ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి. ఒక్కొక్కరూ పని ఆపి దగ్గరికి జరిగారు. నేను ఒక ఖాళీ పెట్టె బోర్లించి వెనకాల కూర్చున్నాను. మావాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడ్డారు. ఆమె చేతులు ఊపుతూనే మాట్లాడింది. అద్దం ముందు చేసి చూసుకున్న రెండు రకాలూ కావు, ఇంకో రకంగా.

గ్లౌజులు వేసుకోవాలని చెప్పేసరికి చెంచమ్మ అడ్డుపడింది.

"అది కుదర్దక్కా. గ్లౌజు ఏసుకుంటే చేప జారతాది. లోపలికి నీళ్లు పోతే ఇంగా నానతాది. మేం యేస్తాం చూడు." రెండు వేళ్లు చాపింది. పాత సైకిల్ ట్యూబు సన్నగా కోసి వేళ్ల చుట్టూ చుట్టుకుంది. "ముల్లు దీంట్లో దిగదు. ఇది రాసినావా నీ చదువులో?"

రాయలేదు అంది ఆనంద. వెనక్కి తిరిగి పెన్ను అడిగింది. నేను పెన్నుతో పాటు ఈ నోట్‌బుక్ చివరి పేజీలు కూడా చింపి ఇచ్చాను.

అప్పుడు వెనకనున్న అమ్మాయి, మహాలక్ష్మి అట, ముప్పై ఏళ్లుంటాయి, కొంగులోంచి ఎడమ చెయ్యి తీసి చూపించింది. జెల్ల ముల్లు గుచ్చుకుని నాలుగు రోజులైందట. చూపుడు వేలు నల్లబడి ఉబ్బింది. పైన పసుపూ సున్నమూ పట్టించింది. ఆనంద ఆ చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పింది. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా సన్నటి ఎర్రగీత. ఆనంద మొహం మారింది. జ్వరం ఉందా అని అడిగింది. రాత్రి వణికినా అంది ఆ పిల్ల.

ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి, రేపు కాదు, సాయంత్రం కాదు అని ఆనంద చెప్పింది. మహాలక్ష్మి ఒప్పుకోలేదు. ఆయన వేటకు పోయినాడు, రేపుగాని రాడు, వచ్చినాక పోతాం అంది. చెయ్యి మళ్లీ కొంగులో దాచుకుంది. ఆనంద బతిమాలలేదు, భయపెట్టలేదు. ఎర్రగీత ఎక్కడ మొదలైందో, ఎటు పోతోందో మహాలక్ష్మి కుడి వేలితోనే ఆమె ఎడమ చేతి మీద చూపించింది. చంక దాకా పోతే ఏమవుతుందో మెల్లగా చెప్పింది.

చెంచమ్మ లేచి చేతులు కడుక్కుంది.

"లెయ్యే. మీ ఆయనొస్తే నేను చెప్పుకుంటాలే. నీ బిడ్డ మా ఇంట్లో తింటాది. లే."

ఆటోకి ఎవరో పరుగెత్తబోయారు. బిందు బస్సుంది కదా అంది. అని మా వైపు చూసింది. తర్వాత ప్రోగ్రాంలో ఇంకో బీచ్, భోజనం ఉన్నాయి. ఎవరూ చేతులెత్తి ఓటేయలేదు. తిమోతి గారు కొత్త చెప్పులతో ముందుగా వెళ్లి బస్సెక్కారు. వెనకాలే అందరూ ఎక్కారు.

కావలి ఆసుపత్రికి అరగంట. నేను శివశంకర్ పక్కన కూర్చున్నాను. ఈ టైముకి ట్రంక్ రోడ్డు మీద ఇరుక్కుంటాం, ముందే ఎడమకు తిప్పు అని వెనక వీధులు చెప్పుకుంటూ వెళ్లాను. పదకొండేళ్లు ఈ రూట్‌లో బస్సు తోలాను. ఈ రోజు ఎనభై దాటమని నేను అడగలేదు. శివశంకర్ మాత్రం ఎనభై దాటాడు.

డాక్టర్ చూసి వెంటనే వేలు కోసి చీము తీశారు. సెలైన్ పెట్టారు. రెండు మూడు రోజులు ఉంచాలన్నారు. ఇంకో రెండు రోజులాగితే వేలు తీసేయాల్సి వచ్చేది, ఎవరు పంపారు అని అడిగారట. మెడలో పసుపు కార్డున్న అక్క అని చెప్పిందట మహాలక్ష్మి.

అందరూ బయట చెట్టు కింద బిందు తెప్పించిన పులిహోర పొట్లాలు తింటున్నారు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద నేనూ ఆనందా. చెంచమ్మ లోపల ఉంది.

నిన్న సిగ్నల్ ఉంది అన్నాను. ఇక ఆగలేదు. కారు సంగతి, చెయ్యెత్తని సంగతి, ఇంకో యాభై గజాలు అన్న సంగతి, అన్నీ చెప్పాను.

ఆనంద తన ఫోన్ తీసి చూపించింది. ఆ మెసేజ్ పక్కన రెండు నీలం టిక్కులు. నేను చదివితే అవి వస్తాయట. పదకొండు యాభై మూడు అని టైము కూడా వచ్చింది. నాకు తెలియదు. నిన్నటి నుంచీ ఆమెకు తెలుసు.

"మరి అడగలేదేం?" అన్నాను.

"మీరు చెప్తారేమోనని చూశాను."

ఫోన్ సంచిలో పెడుతూ మళ్లీ అంది. "ఇన్నేళ్లూ రాకపోతే డ్యూటీ అనుకుని సరిపెట్టుకున్నాను. నిన్నటిది ఏమనుకోమంటారు?"

పక్షులు చూడాలనిపించింది, నిన్ను మర్చిపోలేదు, కానీ నువ్వు ఆగుతావులే అనుకున్నాను, ఎప్పుడూ ఆగావు కదా అన్నాను. అంత బాగా చెప్పలేదు. మాటలు ముందూ వెనకా అయ్యాయి.

లోపల్నుంచి చెంచమ్మ గొంతు వినిపిస్తోంది, నర్సుకి సెలైన్ ఎంత స్పీడులో పోవాలో చెప్తోంది. ఆనంద పెదవులు కదిలాయి, నవ్వాపుకున్నట్టు.

"ఇంతకీ ఎట్లా ఉన్నాయి పక్షులు?"

నిష్ఠూరం కాదు, నిజంగానే అడిగింది. చెప్పాను. గీత విడిపోవడం, తలకిందులు తలలు, రెక్కల కింద ఎరుపు. ఆమె వింటూ పులిహోర పొట్లం విప్పి సగం నా వైపు జరిపింది. ఎట్లాంటి ఎరుపు అని అడిగింది. ముదురు కాదు, ఇటుక రంగూ కాదు, ఎట్లా చెప్పాలి అన్నాను. నాకు అట్లాంటి రంగే ఇష్టం అంది.


ఫిబ్రవరి 9, ఆదివారం. ఒంగోలు.

ఇంటికొచ్చాం. నిన్న రాత్రి ముగింపు సభలో నన్ను కూడా స్టేజీ మీదికి పిలిచి ట్రిప్‌లలో పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు. వెంట వచ్చినవాళ్లందరికీ ఇచ్చారు. ఆ లిస్టులో ఆనంద పేరు కూడా ఉంది. ఒకే సదస్సులో పేపర్‌కి ఒకటి, ట్రిప్‌కి ఒకటి, రెండు సర్టిఫికెట్లు తీసుకున్నది ఆమె ఒక్కతే. తిమోతి గారు ఈల వేశారు.


ఫిబ్రవరి 12, బుధవారం. రాత్రి.

మధ్యాహ్నం మూడున్నరకు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చదువు అన్నాను. ఎందుకండీ ఇప్పుడు అంది. పది నిమిషాలూ చదువు, బెల్ కొట్టేవాళ్లు లేరు అన్నాను. లాప్‌టాప్ బియ్యం డబ్బా మీద పెట్టి చదివింది. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. సగం ఇంగ్లీషు నాకు అందలేదు. అందని చోట చెయ్యెత్తాను. ఆగి తెలుగులో చెప్పింది.

చివర్లో ఒక ప్రశ్న అడిగాను. షెడ్డులో వాళ్లకు, హార్బర్‌లో వాళ్లకు ఒకే రకం పుండ్లు వస్తాయా, నీళ్లు వేరు కదా, అక్కడ మంచినీళ్ల ఐసు, ఇక్కడ ఉప్పునీళ్లు అన్నాను. ఆనంద లాప్‌టాప్ మూసి నా వైపు చూసింది. కుర్ర ప్రొఫెసర్ కంటే నయం, ఇది అడగాల్సిన ప్రశ్న అంది. తెలియదు, చూడాలి అంది.

సాయంత్రమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.


ఫిబ్రవరి 16, ఆదివారం.

చెంచమ్మ ఫోన్. మహాలక్ష్మి ఇంటికొచ్చేసిందట, వేలు వంగుతోందట. ఆమె భర్త వచ్చి మొదట ఎగిరినాడట, తర్వాత కట్టు చూసి కూర్చుండిపోయినాడట. మా వీధిలో ఇంగా శానామంది చేతులు చూపించుకోవాలంటా ఉండారు, ఎప్పుడొస్తావక్కా అని అడిగింది. ఆనంద క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. నేను స్టూలు మీద కూర్చుని ఒంగోలు నుంచి కావలి బస్సుల టైములు చెప్పాను. ఇంకా నోటికే ఉన్నాయి.

ఇద్దరికీ కలిపి చూడండి అంది.


మార్చి 2, ఆదివారం. జువ్వలదిన్నె. ఉదయం 11.

ఆనంద లోపల ఉంది. ముప్పై ఒక్క మంది వచ్చారు. నేను చెంచమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుని పేర్లు, వయసు, ఎన్నేళ్లుగా పనిలో ఉన్నారు అనేది రాసుకుని ఒక్కొక్కరినీ లోపలికి పంపుతున్నాను. ఇక్కణ్ణించి సముద్రం కనపడదు, చప్పుడు మాత్రం వస్తోంది. ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు. తిరుగు బస్సు ఎన్నింటికి అని ఒకామె అడిగింది.

తొందరేం లేదమ్మా అన్నాను.